సీమి రేవులో ఒక పూట భోజనము

గ్రీసు దేశపు చిన్న దీవులలో రేవు ఒడ్డున, నీటికి మూరెడు దూరమున వేసిన బల్లల యెదుట కూర్చుండి భోజనము చేయుట నేటి యాత్రికులకు పెద్ద వేడుక. తుంగతో అల్లిన కుర్చీలు, గాలికి ఎగిరిపోకుండ అంచులు బిగించిన కాగితపు పరుపు, బల్లక్రింద చేపముల్లు కొరకు కాచుకొనియున్న పిల్లులు, రేకు కూజాలో వైను. ఇట్టి భోజనశాలను అచ్చట ‘టవెర్నా’ అందురు. అంగడి అను అర్థము గల లాటిను మాట ‘టబెర్నా’ నుండి ఈ పేరు వచ్చినది. అచ్చట వైనును కొలతతో గాక తూకముతో అడుగుదురు. కిలో, అరకిలో అని చెప్పవలెను. గ్రీసులో 1959 వరకు ఈ లెక్క తురుష్కుల నాటి ‘ఓకా’లలో ఉండెడిది. ఒక ఓకా కిలోకు పైన పావుకిలో, ఇంకను కొంచెము.

చూచువారికి ఇదంతయు హోమరు కాలము నుండి ఇట్లే యున్నదేమో అని తోచును. మేమును చాలకాలము అట్లే భావించితిమి. కాని ఆ బల్లమీది పళ్ళెములను ఒక్కొక్కటిగా తీసి పుట్టుపూర్వోత్తరములు విచారించినచో తేలునది వేరు. అందులో కొన్ని మిక్కిలి ప్రాచీనములు; చాలవరకు గడచిన రెండువందల సంవత్సరములలో వచ్చి చేరినవి. వాని వెనుక నున్నది సమృద్ధి కాదు, లేమి.

మాట తేటపడుటకు ఒక దీవిని ఎన్నుకొందము. రోడ్సు ద్వీపమునకు ఉత్తరమున, టర్కీ తీరమునకు అతి చేరువగా ‘సీమి’ అను దీవి కలదు. విస్తీర్ణము సుమారు 58 చదరపు కిలోమీటర్లు. అంతయు రాతినేల, త్రాగునీరు సహితము ఇటీవలి వరకు ఓడలలో తెచ్చుకొనవలసి వచ్చెడిది. రేవు చుట్టును కొండవాలున పసుపు, గోధుమ, గులాబి వన్నెల మేడలు వరుసగా నిలిచియుండును. ఇలియడ్ కావ్యములో ఈ దీవి ప్రస్తావన యున్నది. నీరియుస్ అను రాజు మూడు ఓడలతో ఇచ్చటినుండి ట్రాయి యుద్ధమునకు పోయెనట. అఖిలీసు తరువాత గ్రీకులలో అంతటి అందగాడు లేడట. కాని బలము లేనివాడు, వెంట వచ్చినవారును కొలదిమంది. అందము మెండు, అంగబలము కొంచెము: ఈ వర్ణన రాజుకే కాక దీవికిని సరిపోవును.

ముందుగా చేప సంగతి. హోమరు కావ్యములలోని వీరులు సముద్రపుటొడ్డున పదియేండ్లు దండు విడిసియున్నను కాల్చిన మాంసమునే తిందురు గాని చేప ముట్టరు. ఈ వింతను ప్లేటో తన ‘రిపబ్లిక్’ గ్రంథమున గుర్తించి చెప్పియున్నాడు. ఒడిస్సీలో నావికులు గాలము వేసి చేపలు పట్టినది ఆకలికి తాళలేకనే. కొన్ని శతాబ్దములకు ఈ అభిరుచి తలక్రిందులాయెను. క్రీస్తుపూర్వము 4వ శతాబ్దమున సిసిలీలోని గేలా పట్టణపువాడగు ఆర్కెస్ట్రటస్ ఏ చేప ఏ ఊర, ఏ ఋతువున తినవలెనో చెప్పుచు ఒక పద్యగ్రంథమే వ్రాసెను. మంచి చేపకు ఉప్పు, నూనె చాలును. జున్నుతోను మసాలాలతోను దానిని పాడుచేయవలదని ఆతని మతము. నేటి టవెర్నాలో చేపను నూనె పూసి, ఉప్పు చల్లి, నిప్పులపై కాల్చి ఇచ్చుట ఆ మతమునకు వారసత్వమే యనవచ్చును. ప్రక్కన పెట్టు నిమ్మబద్ద మాత్రము తరువాత వచ్చినది.

పూర్వపు గ్రీకులు భోజనమును రెండు భాగములుగా చేసిరి. కడుపు నింపునది ‘సీతోస్’, అనగా గోధుమ లేక యవల రొట్టె. దానితో నంజుకొనునది ‘ఒప్సోన్’. మన అన్నము, కూరల వంటి విభజనమే యిది. రొట్టె కొంచెముగాను నంజుకొనునది ఎక్కువగాను తినువానిని ‘ఒప్సోఫాగోస్’ అని ఏథెన్సువారు ఎత్తిపొడిచెడివారు. మన ఇండ్లలో అన్నము ముట్టక కూరగిన్నె ఖాళీచేయు పిల్లవానిని అమ్మమ్మలు మందలించుటయు నిదియే గదా. ప్లూటార్కు కాలమునకు నంజుకొను పదార్థములన్నిటిలో చేపయే ఆ పేరును దక్కించుకొనినది. నేడు గ్రీకు భాషలో చేపకు ‘ప్సారి’ అని పేరు. ‘ఒప్సారియోన్’ అను పూర్వపు మాట అరిగి అరిగి అట్లయినది. తెలుగున నంజుకొనునది గనుక మాంసమునకు ‘నంజుడు’ అను పేరు వచ్చినది. రెండు భాషలును ఒకరినొకరు ఎరుగకయే ఒకే త్రోవన నడచినవి. ఈ మాటలోనే ఒక చరిత్ర యున్నది. కడుపు నింపునది రొట్టె. చేప దానిని దిగమ్రింగించుటకు మాత్రమే.

మరి చుట్టును సముద్రమున్నను చేప ఏల కొంచెమాయెను? మన ఊహకు అందనిది ఇదియే. ఈజియను సముద్రము నీలమణివలె మెరయును. పది బారల లోతున రాయి స్పష్టముగా కనబడును. నీరు అంత తేటగా నుండుటకు కారణము అందు మేత తక్కువ యగుటయే. తూర్పు మధ్యధరా ప్రపంచములోని మిక్కిలి పేద సముద్రములలో ఒకటి. గోదావరి కలియుచోట మన సముద్రము మడ్డిగా నుండును. ఆ మడ్డియే చేపకు పండుగ. సీమి వంటి దీవి చెంత అట్టి పెద్దనది యేదియు లేదు. యాత్రికుడు చూచి మురిసిపోవు ఆ నీలిమయే జాలరికి రిత్తవల.

అందువలననే టవెర్నాలో పెద్ద చేపను కిలో లెక్కన అమ్ముదురు. వండుటకు ముందు తూచి చూపుట మర్యాద. ధర విని మన యాత్రికులు తుళ్ళిపడుట కలదు. ఇంటివారు చేయునది వేరు. వ్రేలెడు చేపలను పిండిలో దొర్లించి, తల తోకలతో కరకరలాడ వేయించి, పళ్ళెము నడుమ పెట్టుకొని అందరును తిందురు. సీమిలో ప్రసిద్ధి చెందిన చిట్టిరొయ్యలును ఇట్లే; పెంకు తీయకుండ నూనెలో వేయించినవానిని పెంకుతోనే నమలవలెను. ఏ ముక్కయు పారవేయుటకు వీలులేని ఇంటిలో పుట్టిన వంటకమిది.

ఎండలో తీగపై బట్టలవలె వ్రేలాడు అష్టపది జీవమును, అనగా ‘ఒక్టపోది’ని చిత్రములలో మీరు చూచియుందురు. దానిని రాతిపై బాది మెత్తపరచి, ఎండగట్టి, బొగ్గులపై కాల్చుదురు. బల్లమీద ఇది ఇంత తరచుగా కనబడుటకు రుచి యొక్కటే కారణము కాదు. గ్రీకు సనాతన క్రైస్తవులకు ఉపవాస దినములు ఏడాదిలో దాదాపు సగము. ఆ దినములలో మాంసము, పాలు, గ్రుడ్లు నిషిద్ధము. ఈస్టరు ముందటి పెద్ద ఉపవాసములో ఒకటి రెండు పండుగ దినములు తప్ప చేపయు కూడదు. కాని రక్తము లేని ప్రాణులని యెంచి అష్టపదిని, కూంటలమును, రొయ్యలను, గుల్లలను అనుమతించిరి. కాగా యాత్రికుడు విందుగా భావించి తినునది ఆ యింటి ముసలమ్మకు వ్రతభోజనము.

ఇక కూరగాయలు. టమాటా లేని గ్రీకు భోజనమును నేడు ఊహింపజాలము. కాని ఈ పండు గ్రీసులో 19వ శతాబ్దమున గాని కుదురుకొనలేదు. మన పెద్దలు దీనిని రామములగ పండని వింతగా చూచినట్లే వారును చూచిరి. బంగాళాదుంపను గూర్చి ఒక కథ చెప్పుదురు. స్వతంత్ర గ్రీసునకు మొదటి పాలకుడైన కపోదిస్ట్రియాసు 1828 ప్రాంతమున దుంపలు తెప్పించి పంచిపెట్టగా ఎవరును తీసుకొనలేదట. అప్పుడాయన వానిని రేవులో కుప్పపోయించి సాయుధులను కాపలా పెట్టెనట. ఇంత కాపలా యున్నచో విలువగలదే యైయుండునని జనులు రాత్రులందు దొంగిలించుకొని పోయిరట! కథ నిజమైనను కాకున్నను, దుంప క్రొత్తదని మాత్రము దీనివలన తెలియుచున్నది.

వంకాయ ప్రయాణము మాత్రము మన యింటినుండి మొదలైనది. గ్రీకులు దీనిని ‘మెలిజానా’ అందురు. అది ఇటలీవారి మాట. దానికి మూలము అరబ్బుల ‘బాదింజాన్’. దానికి మూలము పారసీకము. ఆ పారసీకమునకు మూలము మనదేశపు ‘వాతింగణ’. ఈ సంస్కృతపు మాటయు ద్రావిడభాషలనుండి పుట్టినదే యనియు, మన ‘వంగ’కు చుట్టమనియు భాషావేత్తలు తలంచుచున్నారు. వంకాయ ముక్కలు, కొట్టిన మాంసము పొరలు పొరలుగా పేర్చి కాల్చు ‘ముసకా’ అను వంటకము పైన నుండు తెల్లని పాలసంకటి పొర ప్రాచీనమేమియు కాదు. సీఫ్నొసు దీవి కుటుంబమునకు చెందిన త్సెలెమెంతెస్ అను వంటవాడు 20వ శతాబ్దపు తొలి దశకములలో ఫ్రెంచి పద్ధతి ననుసరించి దానిని చేర్చెను. ఆయన పుస్తకము ఇంటింటను వ్యాపించి, గ్రీకులో వంటపుస్తకమునకే ‘త్సెలెమెంతె’ అను పేరు స్థిరపడెను.

పెద్ద పేరులేని పళ్ళెము మరియొకటి కలదు. కొండమీద ఏరిన ఆకుకూరలను ఉడికించి, నీరు పిండి, నూనె, నిమ్మరసము పోసి ఇత్తురు. దీనిని ‘హోర్తా’ అందురు. వేసవిలో ఇందుకు వాడు ‘వ్లీతా’ మన తోటకూర జాతిదే. దీనిని గూర్చి మరల చెప్పవలసియున్నది.

ఇంత పేదనేలపై, ఇంత పేదసముద్రములో ఆ మేడలు కట్టినవారెవరు? సముద్రపు అడుగున చేప కాక మరియొకటి దొరకెను: స్పాంజి. తురుష్క ప్రభుత్వమునకు ఈ దీవివారు పన్నుగా స్పాంజిని చెల్లించి, తమ వ్యవహారములు తామే చూచుకొను స్వేచ్ఛను సంపాదించుకొనిరి. పది పదిహేను కిలోల చదునురాయిని చేతబట్టి, మొలకు త్రాడు గట్టుకొని, ఒక్క ఊపిరితో మునుగుట వారి పద్ధతి. 1913లో రెజీనా మార్గెరీటా అను ఇటాలియను యుద్ధనౌక లంగరు కార్పథోసు దగ్గర తెగిపోగా, సీమివాడగు స్తాథిస్ హాజిస్ ఈ విధముననే 70 మీటర్లకు మించిన లోతున మునిగి దానికి త్రాడు కట్టి వచ్చెను. పరీక్షించిన ఓడ వైద్యులు ఆశ్చర్యపడిరి; అది చూపునకు బక్కపలుచని మనిషి.

1863లో ఫోతిస్ మస్తోరిదిస్ అను సీమివాడు గాలిగొట్టముతో కూడిన మునుగుడు దుస్తును దీవికి తెచ్చెను. జనులు భయపడగా ఆయన భార్యయే దానిని తొడిగికొని రేవులో మునిగి చూపెనని చెప్పుదురు. ఆ దుస్తుతో గంటసేపు అడుగున ఉండవచ్చును. స్పాంజి రాశులుగా వచ్చును. మేడలు ఈ సొమ్ముతో లేచినవే. కాని దానివెంట మృత్యువు వచ్చెను. లోతున పీల్చిన గాలిలోని నత్రజని రక్తమున కరగును. మనిషి వేగముగా పైకి వచ్చినచో అది సోడాబుడ్డి మూత తీసినట్లు బుడగలై నరములను, వెన్నును దెబ్బతీయును. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాల్ బేర్ 1878లో ఈ కారణమును వివరించెను; మెల్లగా మెట్లుమెట్లుగా పైకి వచ్చు పట్టికలను ఇంగ్లండున హాల్డేను 1908లో ప్రకటించెను. ఆ విద్య స్పాంజి పడవలకు చేరుటకు చాలకాలము పట్టినది. చేరినను నిలుచుటకు తీరిక యెక్కడిది? ఈస్టరు తరువాత పడవలు బయలుదేరుటకు ముందే మునుగువాడు బయానా పుచ్చుకొని ఇంటివారికి ఇచ్చి వచ్చెడివాడు. ఆ అప్పు తీరువరకు మునుగవలసినదే. ఈ దీవులన్నిటిలో వేలమంది యువకులు చనిపోయిరి, లేదా కాళ్ళు పడిపోయి తిరిగి వచ్చిరి. పొరుగు దీవియగు కలిమ్నొసులో ‘మిహానికోస్’ అను నృత్యమున్నది. అందు నాయకుడు కఱ్ఱ పట్టుకొని, వణకు కాళ్ళతో పడుచు లేచుచు ఆడును. అది వినోదము కాదు, జ్ఞాపకము.

1900లో కెప్టెను కొందోస్ నాయకత్వమున సీమి పడవ యొకటి గాలివానకు ఆంటికిథేరా దీవి చాటున ఆగెను. మునిగిన స్తదియాతిస్ అడుగున శవములు, గుఱ్ఱములు గుట్టగా పడియున్నవని భయపడి పైకి వచ్చెను. అవి శవములు కావు. రెండువేల ఏండ్ల నాడు మునిగిన ఓడలోని కంచు, పాలరాతి విగ్రహములు. గ్రహగతులను లెక్కించు ‘ఆంటికిథేరా యంత్రము’ అందులోనే దొరకెను. దానిని చూచుటకు నేటికిని లోకము ఏథెన్సుకు పోవుచున్నది. ఆ తవ్వకములో ఒక మునుగువాడు మరణించెను, ఇద్దరు అవిటివారైరి.

ఈ పురుషుల భోజనమును తలచుకొనవలెను. నిండుకడుపుతో మునుగరాదు గనుక పగలు దాదాపు పస్తు. చీకటి పడిన పిమ్మట ఒక్క పూట, గట్టిరొట్టెతో. కలిమ్నొసువారు రాళ్ళకు అంటుకొని పెరుగు ఒక మెత్తని సముద్రజీవిని సీసాలలో ఉప్పునీట ఊరవేసి పడవలలో తీసికొని పోయెడివారు. నేడది టవెర్నాలలో ప్రత్యేక వంటకమైనది. ఆరునెలల పిమ్మట పడవలు తిరిగివచ్చినప్పుడు రేవులోని వైను అంగళ్ళు నిండెడివి. నాడు టవెర్నా యనగా ప్రధానముగా పురుషులు కూడు త్రాగుడు చోటు. కుటుంబముతో అచ్చట భోజనమునకు కూర్చుండుట తరువాతి మర్యాద.

1912లో ఇటలీ ఈ దీవులను ఆక్రమించినప్పుడు సీమిలో ఇరువదివేలకు పైగా జనులుండిరని చెప్పుదురు. ఎదుటి ఆసియా తీరమున వారికి పనిపాటలుండెడివి. పడవలకు కలప అచ్చటినుండియే వచ్చెడిది. మొదట ఇటలీవారి పాలన, తరువాత 1922లో గ్రీకులు ఆసియామైనరు నుండి తరిమివేయబడుట: ఈ రెండును కలిసి ఆ తీరమును పరదేశము చేసినవి. కొందరు రోడ్సుకు, పిరియసునకు పోయిరి. కొందరు అమెరికాలో ఫ్లారిడా తీరమున టార్పన్ స్ప్రింగ్సు అను ఊరికి పోయి అచ్చటను స్పాంజికే మునిగిరి.

తరువాత యుద్ధము. 1944 సెప్టెంబరులో జర్మనులు విడిచిపోవుచు కొండమీది కోటలోని మందుగుండును పేల్చగా గుడియు, చుట్టుపట్ల వందలాది ఇండ్లును కూలెను. ఆ చలికాలము చుట్టుప్రక్కల దీవులలో తిండి కరవయ్యెను. అంతకు ముందే, 1941–42లో, ఏథెన్సులోను ఇతర దీవులలోను జనులు ఆకలితో వీధులలో పడి చనిపోయిరి. పైన చెప్పిన హోర్తాను మరల తలచుకొనుట ఇందుకే. కొండమీద ఏది తినదగిన ఆకో, ఏది కాదో ఎరిగిన ముసలమ్మలున్న ఇండ్లు నిలిచినవి. నేటి పట్టికలో దానికి వెల కట్టియున్నది. ఆ తరమువారిలో కొందరు మాత్రము దానిని మరల ముట్టలేదు. దొడెకనీసు దీవులలోని జర్మను సేనల లొంగుబాటుపత్రముపై జనరల్ వాగెనర్ సంతకము చేసినది 1945 మే 8న, ఈ సీమి రేవు ఒడ్డుననే యున్న ఒక యింటిలో. 1948లో ఈ దీవులు గ్రీసులో కలిసినవి.

కాని అప్పటికి కృత్రిమపు స్పాంజి కర్మాగారములనుండి వచ్చుచుండెను. జనసంఖ్య తగ్గి తగ్గి నేడు రెండున్నర వేల ప్రాంతమున నిలిచియున్నది. మేడలు పైకప్పులు కూలి చాలకాలము పాడుపడియుండెను. 1970 తరువాత రోడ్సునుండి ఉదయము వచ్చి సాయంకాలము పోవు యాత్రికుల పడవలు పెరుగగా, వైను అంగళ్ళు బల్లలను నీటి అంచువరకు జరిపినవి. నేడు ప్రతి పట్టికలో కనబడు టమాటా, దోస, ఉల్లి ముక్కలపై జున్ను బిళ్ళ పెట్టిన ‘పల్లెపచ్చడి’ ఇట్టి యాత్రికుల కాలముననే లోకప్రసిద్ధమైనది. ప్రభుత్వము సాధారణ పచ్చడికి ధర కట్టడి చేయగా, జున్ను పెట్టి వేరు పదార్థమని ఎక్కువ ధర పుచ్చుకొనుటకు ఏథెన్సు హోటళ్ళవారు కనిపెట్టిన ఉపాయమని ఒక కథ కలదు. వ్యాపారము ఎరిగిన మన హోటలువారు దీనిని నమ్మకమానరు.

నేటి బల్లమీది చేప సంగతి చెప్పి ముగింతుము. గడ్డకట్టించి నిలువచేసిన చేపనైనచో పట్టికలో ఆ మాట గుర్తుగా వ్రాయవలెనని గ్రీసులో నియమము; కన్ను తెరచి చదివినచో అది చాల పళ్ళెముల ప్రక్కన కనబడును. వలపంజరములలో పెంచిన చేప 1980 తరువాత విస్తారముగా వచ్చినది. చేపల వేటను తగ్గించుటకై ఐరోపా సమాజము సొమ్మిచ్చి కొయ్యపడవలను విరుగగొట్టించినది. తరతరముల వడ్రంగులు చెక్కిన పడవలు ఇట్లు వేలకొలది ముక్కలైనవి. మునుపటి లెక్కలో మిగిలిన చేపలను కాపాడుట మంచిదే. పడవనే నరుకవలెనా యని మా సందేహము. 1869లో తెరచిన సూయెజు కాలువ ద్వారా ఎర్రసముద్రపు చేపలు వచ్చి చేరుచున్నవి. మన హిందూమహాసముద్రమున నుండు విషపుముళ్ళ సింహమత్స్యము 2015లో రోడ్సు దగ్గర కనబడెను. ముళ్ళు తీసి వేయించిన ఆ చేపను ఇప్పుడు కొన్ని టవెర్నాలలో వడ్డించుచున్నారు. తినినవారు తెల్లని మాంసము, రుచిగానున్నదని చెప్పుచున్నారు.

భోజనమైన పిమ్మట కొందరు యజమానులు పుచ్చకాయ ముక్కలో, చెంచాడు పండ్ల పాకమో అడుగకయే తెచ్చిపెట్టుదురు. దానికి వెల యుండదు. లేచి నాలుగడుగులు వేసినచో బుట్టలలో స్పాంజిలు పెట్టి అమ్ము అంగళ్ళు కనబడును. 1986లో వచ్చిన తెగులు ఈ సముద్రపు స్పాంజిని చాలవరకు చంపివేసినది. అందుచేత ఆ బుట్టలలోని సరకులో చాలభాగము దూరదేశములనుండి తెప్పించినది. అందు ఫ్లారిడా నుండి వచ్చినదియు కలదు.